శనివారం పొద్దుటి ఖాళీ గడి

ఆ గురువారం మధ్యాహ్నానికి మెరెటె ఏడో కప్పు కాఫీలో ఉంది. దాహమై తాగుతోందనుకునేరు. నోరు మూసుకోవడానికి తాగుతోంది.

ఆ కిటుకు ఆమెకి ఆర్హూస్ పట్నంలో మూడ్రోజుల శిక్షణలో నేర్పారు. జట్టు మాట్లాడుకుంటున్నప్పుడు నీకు జవాబు తెలుసనిపిస్తే వెంటనే ఓ గుక్క కాఫీ తాగు, నువ్వు మింగేలోపు ఇంకెవరైనా నోరు తెరుస్తారు, అని అక్కడి పంతులమ్మ చెప్పింది. ఆ మహాతల్లికేం, చెప్పేసి రైలెక్కింది. పందొమ్మిదేళ్ళు మా వెస్టర్‌బోలో ఎవరు ఎవరింటికి ఎన్నింటికెళ్ళాలో ఒంటిచేత్తో రాసిన మనిషికి జవాబు తెలియనిదెప్పుడు? వేసవిలో రోజుకి రెండు కప్పులు తాగే మెరెటె అక్టోబరుకల్లా పదకొండుకి చేరింది. గుండె దడ, చేతుల్లో వణుకు, కాలుగాలిన పిల్లిలా ఇంట్లో ఆ గదికీ ఈ గదికీ తిరగడం.

ఊళ్ళో ఒంటరిగా ఉండే ముసలివాళ్ళ ఇళ్ళకి పొద్దున్నే వెళ్ళి, లేపి, కడిగి, కాళ్ళకి బిగుతు మేజోళ్ళు తొడిగి, మాత్రలు మింగించి వచ్చే పని ఆరుగురిది. ఆ ఆరుగురికీ లిస్టు రాసే పని మెరెటెది. ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరి కారు మొరాయించినా ఆమె ఫోనే మోగేది. స్నానాల గదిలోకి కూడా ఫోను పట్టుకెళ్ళేది. విసుక్కునేది, తిట్టుకునేది, కానీ నిజం చెప్పాలంటే ఆ ఫోను మోగకపోతే ఆమెకి ఏమీ తోచేది కాదు. జూన్‌లో మున్సిపాలిటీ వాళ్ళు ఆ పనే ఎత్తేశారు. ఇకమీదట జట్టు తన లిస్టు తనే రాసుకుంటుంది, మెరెటె పక్కన కూచుని అడగొచ్చు గానీ చెప్పకూడదు అన్నారు. చేతులు కట్టుకుని కూచోడానికి కూడా జీతమిస్తారా అని ఇంట్లో మొగుడు నవ్వాడు. ఆమెకి నవ్వు రాలేదు.

చేతులు కట్టుకోవడమే అయితే ఫరవాలేదు. ఈ పద్ధతికి ఒక గడువుంది. శనాదివారాల లిస్టు శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటికల్లా కంప్యూటర్లో ఎక్కాలి. ఒక్క గడి ఖాళీగా ఉన్నా మున్సిపాలిటీ వాళ్ళు ఏజెన్సీ నుంచి ఎవరో ముక్కూమొహం తెలియని మనిషిని పంపిస్తారు, జట్టు పేరు పక్కన ఒక గీత గీస్తారు. మూడు గీతలు పడితే జట్టు రద్దు. ఆపైన లిస్టు అంతా పెద్ద ఊళ్ళో కంప్యూటరే వేస్తుంది, ముసలివాళ్ళకి రోజుకో కొత్త మొహం. సెప్టెంబర్లోనే రెండు గీతలు పడిపోయాయి.

రెండో గీత హోల్గర్ ఒంటిమీద పడింది. హోల్గర్ నలభై ఏళ్ళు చేపల ఓడ మీద పనిచేసినవాడు, ఇప్పుడు ఎనభై నాలుగు. మంచం దిగకముందే మేజోళ్ళు తొడక్కపోతే కాళ్ళు దుంగల్లా వాస్తాయి. ఆ శనివారం ఏజెన్సీ మనిషి వచ్చి తలుపు కొడితే, నువ్వెవరో నాకు తెలీదు పొమ్మని తియ్యలేదు. తనే తొడుక్కోబోయి మంచం అంచు మీంచి జారి పడ్డాడు. తొంటి దగ్గర మూడు వారాలు నల్లగా కమిలి ఉండిపోయింది. మెరెటె వెళ్ళి చూసింది. చూసినప్పట్నించీ ఆ నలుపు ఆమె కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

ఇప్పుడు మళ్ళీ శనివారం. మళ్ళీ ఖాళీ. ఆ సోమవారమే జట్టులోని లోనె అనే ఆమె తడి మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. శనివారం పొద్దున ఏడింటికి బయల్దేరాల్సింది ఇద్దరు. గోడ మీది బోర్డులో మొదటి గడిలో నస్రీన్ పేరు ఉంది. రెండో గడి తెల్లగా మెరెటె మొహంలోకే చూస్తోంది.

కాఫీ గదిలో బల్ల చుట్టూ వచ్చినవాళ్ళంతా కూచున్నారు. మెరెటెకి అడిగే హక్కుంది కాబట్టి అడిగింది.

"శనివారం ఏడింటికి ఎవరు వెళ్ళగలరు?"

 తోవె కిటికీలోంచి బయటికి చూసింది. తోవె జట్టులో అందరికంటే పెద్దది, అరవై రెండు, నోరు కత్తెర. ఆవిడ మనవరాలికి శనివారం ఈతపోటీ, తొమ్మిదింటికల్లా అక్కడుండాలి. యెప్పె బల్ల మీద రొట్టె తుంపులు ఏరుకుంటున్నాడు. అతనికి నాలుగు నెలల పసిబిడ్డ, పెళ్ళాం ఆసుపత్రిలో నర్సు. నస్రీన్‌కి ఇది వరసగా మూడో శనివారం, ఆమెనింకేం అడుగుతాం. మిగిలిన ఇద్దరిలో ఒకరు సెలవు మీద ఊళ్ళో లేరు, ఇంకొకరికి ఆదివారం పడింది.

మెరెటె ఒక గుక్క తాగింది. ఆమెకి నాలుగు దారులు కనబడుతున్నాయి. తోవెని ఏడింటికి పంపి ఎనిమిదిన్నరకి వదిలేయొచ్చు. ఇంకో గుక్క. ఆదివారం మనిషిని శనివారానికి జరపొచ్చు. ఇంకో గుక్క. కప్పు అయిపోయింది, ఫ్లాస్కు వంచింది, బల్ల మీద ఒలికింది. యెప్పె కాగితం తెచ్చి తుడిచాడు. 

ఆమె ఎదురుగా ఫ్రిజ్ తలుపు మీద ఇంకో లిస్టు అంటించి ఉంది. శుక్రవారం పొద్దున అందరికీ రొట్టెలు ఎవరు తేవాలో రాసుకునే లిస్టు. పదకొండేళ్ళలో ఒక్క శుక్రవారం తప్పలేదు. ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే ముందురోజే ఇంకొకరితో మార్చుకుంటారు, గసగసాల రొట్టెలూ వెన్నా జున్నూ ఠంచనుగా తొమ్మిదిన్నరకి బల్ల మీదుంటాయి. దాన్ని ఏ అధికారీ రాయలేదు. మెరెటె పేరు అందులో ఎప్పుడూ లేదు, ఆవిడ లిస్టులు వేసే మనిషి కదా, తిని వెళ్ళేది. రొట్టెలకి ఇంత బాధ్యత ఉన్నవాళ్ళకి హోల్గర్ కాళ్ళంటే లెక్కలేదా అని ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఆ మంట మీద కూడా ఓ గుక్క పోసింది.

చివరికి తోవె లేచి కప్పు కడుక్కుంటూ, "సర్దుకుంటుందిలే" అంది. మా ఊళ్ళో వానొచ్చినా, పళ్ళూడినా అనే మాట అదే. ఆ మాటతో సమావేశం ముగిసినట్టు కుర్చీలన్నీ కిర్రుమన్నాయి.

మెరెటె వరండాలోకి వచ్చింది. చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళింది. గెర్డా నంబరు వెతకాల్సిన పని కూడా లేదు, వేలికే తెలుసు. గెర్డా అంటే రిటైరైన మనిషి, ఓపికున్నది, అవసరానికి పిలిచే రిజర్వు లిస్టులో ఇంకా ఉన్నది. అక్టోబరు మొదట్లో రెండు శుక్రవారాలు పదకొండింటికి మెరెటె గుట్టుగా ఫోన్ చేసి బతిమాలితే వచ్చింది. "నేను పిలిచానని చెప్పకు, నీ అంతట నువ్వే ఫోన్ చేసి వస్తానన్నట్టు చెప్పు" అని మెరెటె అంది, గెర్డా అలాగే చెప్పింది. మూడో గీత పడకుండా ఆగింది. దాన్ని మోసమని మెరెటె అనుకోలేదు. ముసలాళ్ళ కోసం చేశాను, అంతే, అనుకుంది.

"గెర్డాకేనా?" అని వెనకనించి తోవె గొంతు వినబడింది.

మెరెటె ఫోను జేబులో పెట్టేసింది, దొంగతనం చేస్తూ దొరికినట్టు.

"దాచడమెందుకమ్మా" అంది తోవె, కోటు బొత్తాలు పెట్టుకుంటూ. "గెర్డా, నేనూ మంగళవారాలు ఒకే చోట పాటలు పాడతాం. ఆవిడ గొంతులో రాగం నిలవదు, రహస్యం నిలుస్తుందా? నాకూ తెలుసు, యెప్పెకీ తెలుసు."

 "తెలిసీ ఊరుకున్నారా?" అంది మెరెటె.

"మరేం చెయ్యమంటావు? నువ్వు రేపు పదకొండింటికి ఫోన్ చేస్తావని తెలిసినప్పుడు నా మనవరాలి పోటీ నేనెందుకు మానుకోవాలి? ఆ పిల్ల ఏడాదంతా నీళ్ళల్లో నానింది." తోవె గొంతులో ఎగతాళి లేదు, అదే మెరెటెకి ఎక్కువ తగిలింది. "లిస్టు మాదని మీరే అన్నారు. కానీ అది ఇంకా నీ జేబులోనే ఉంది."

తోవె వెళ్ళబోయింది. మెరెటె ఆమె మోచెయ్యి పట్టుకుని ఆపింది, లోపలికి రమ్మంది. ఎందుకు రమ్మందో ఆమెకే పూర్తిగా తెలియదు. ఇంకో నిమిషం ఆగితే ధైర్యం చాలదని మాత్రం తెలుసు.

కాఫీ గదిలో ఇంకా కదలనివాళ్ళ ముందు నిలబడి, గెర్డా సంగతి మొత్తం చెప్పేసింది. రెండుసార్లు తనే పిలిపించానని, అబద్ధం ఆడించానని. ఈసారి పిలవనని. వాళ్ళ ఎదుటే గెర్డాకి ఫోన్ చేసి, ఈ శనివారం నా మాట మీద రావద్దు, నేనడిగినా రావద్దు, అని చెప్పింది. అవతల గెర్డా ఏమైందే నీకు అని రెండుసార్లు అడిగింది.

ఫోను పెట్టేశాక అందరికంటే ముందు మాట్లాడింది నస్రీన్. మిగతావాళ్ళకి తెలిసిన సంగతి ఆమె ఒక్కదానికే తెలియదు. మొహం ఎర్రబడిపోయింది.

"మనమే నిలబెట్టుకున్నామనుకున్నాను," అంది. "ఇంటికెళ్ళి మా ఆయనకి చెప్పుకున్నాను. మూడు శనివారాలు అందుకే ఒప్పుకున్నాను, మనం గట్టెక్కుతున్నాం కదా అని. నువ్వు మమ్మల్ని చిన్నపిల్లల్ని చేశావు మెరెటే. పక్కన కూచుని ప్రశ్నలడిగి, మా వెనకాల జవాబులు నువ్వే రాసుకున్నావు."

మెరెటెకి తల తీసేసినట్టయింది. సమర్థించుకోవడానికి నోటిదాకా వచ్చిన మాటలు నాలుగున్నాయి, అన్నీ హోల్గర్ తొంటి దగ్గరే మొదలవుతాయి. కాఫీ కప్పు దగ్గర్లో లేదు. నాలుక కరుచుకుని ఆపుకుంది. క్షమించమని మాత్రం అంది. తర్వాత కోటు తీసుకుని గదిలోంచి వెళ్ళిపోయింది. తను గదిలో ఉంటే వాళ్ళ కళ్ళు తన జేబు మీదే ఉంటాయని ఆమెకి అప్పుడు తట్టింది.

ఆ రాత్రి నిద్రపోయిందంటే పోయింది, లేదంటే లేదు.

శుక్రవారం తొమ్మిదిన్నరకి రొట్టెల దగ్గరికి వెళ్ళలేదు. ఫోను ఆఫీసు సొరుగులో పడేసి తాళం వేసింది, తాళం చెవి తన దగ్గరుంటే ఏం లాభమని దాన్ని కిందంతస్తు గుమాస్తాకిచ్చి, పన్నెండయ్యేదాకా కాళ్ళావేళ్ళా పడ్డా ఇవ్వకు అని చెప్పింది. గుమాస్తా ఆమెని ఎగాదిగా చూశాడు. సైకిలెక్కి రేవుకి పోయింది. ఎదురుగాలి. రేవు చివర నిలబడితే నిలవలేక వెనక్కి తిరిగింది, మళ్ళీ చివరికి వచ్చింది. ఖాళీ జేబులో చెయ్యి పెట్టుకుని లేని ఫోను కోసం ఎన్నిసార్లు తడుముకుందో.

పదిన్నరకి హోల్గర్ ఇంటి వీధి మీదుగా పోయింది. పోకూడదనుకుంటూనే పోయింది. ఆయన కిటికీ దగ్గర కూచుని ఉన్నాడు, మేజోళ్ళు తొడిగి ఉన్నాయి. చెయ్యి ఊపాడు. రేపు ఈ తలుపు ఎవరు కొడతారు, ఈయన తీస్తాడా, మళ్ళీ పడతాడా? తనే వస్తే? నేను తెలిసిన మొహమే కదా, నాకు చేతకాని పనా అది? గడిలో తన పేరే రాసేస్తే సరిపోతుంది. ఆ ఆలోచన రాగానే ప్రాణం లేచొచ్చింది. ఒక వీధి దూరం తొక్కాక అది ఇంకో గెర్డాయే అని అర్థమై ఉసూరుమంది. అప్పుడు నిజంగా భయం వేసింది. తను చెయ్యగలిగింది ఏమీ లేదు. పందొమ్మిదేళ్ళలో అలాంటి శుక్రవారం ఆమె ఎరగదు.

పన్నెండుకి పావుగంట ఉందనగా ఆఫీసుకి చేరింది.  కాఫీ గదిలో కంప్యూటరు ముందు తోవె కూచుంది, ఆమె భుజాల మీంచి యెప్పె, నస్రీన్ తొంగి చూస్తున్నారు. మెరెటె బోర్డు వైపు చూసింది. శనివారం ఏడింటి రెండో గడి ఖాళీగా లేదు. అసలు గడే లేదు. ఎవరో అడ్డంగా కొట్టేశారు. దాని కింద కొత్తగా ఇంకో గడి గీసి, తొమ్మిదిన్నర నుంచి పన్నెండు, యెప్పె, అని రాసి ఉంది. ఆ గడిలో ఐదు ఇళ్ళ పేర్లు. మొదటి పేరు హోల్గర్.

"తొమ్మిదిన్నరా?" అంది మెరెటె. ఆపుకోలేకపోయింది.

యెప్పె చెప్పాడు. నిన్న ఆమె వెళ్ళిపోయాక చాలాసేపు ఒకరి మీద ఒకరు అరుచుకున్నారట. అరుచుకుంటుంటే నస్రీన్, ఏడింటికే లేపమని ఆ ముసలాళ్ళు మనల్ని అడిగారా అందట.  ఈ పొద్దున ఎవరి ఇళ్ళల్లో వాళ్ళు ఆ మాట అడిగారు. పదకొండు ఇళ్ళల్లో ఐదు ఇళ్ళవాళ్ళు, శనివారం ఆలస్యంగా వస్తే బతికించినవాళ్ళవుతారు అన్నారు. యెప్పె పెళ్ళాం నైట్ డ్యూటీ ముగించుకుని ఎనిమిదిన్నరకి ఇంటికొస్తుంది. బిడ్డని ఆమెకి అప్పజెప్పి తొమ్మిదిన్నరకి యెప్పె ఎక్కడికైనా వెళ్ళగలడు. మిగిలిన ఆరు ఇళ్ళూ ఏడింటికి నస్రీన్ ఒక్కతే చూసుకుంటుంది.

"మరి నిన్న చెప్పలేదేం?" అంది మెరెటె.

"ఏడింటికి ఎవరు వెళ్ళగలరని కదా నువ్వడిగింది," అన్నాడు యెప్పె. "నేను వెళ్ళలేను. అందుకే ఊరుకున్నాను."

"హోల్గర్ ఏమన్నాడో చెప్పు," అంది తోవె నస్రీన్‌తో, తెర మీంచి చూపు తిప్పకుండా.

 నస్రీన్‌కి మెరెటె మీద కోపం ఇంకా దిగలేదు, అది మొహంలోనే ఉంది. "ఇన్నేళ్ళూ శనివారాలు ఐదున్నరకే లేచి మంచంలో ఎదురుచూస్తూ పడుకునేవాడట. మనకి ఏడింటికే వీలవుతుందేమో, పాపం పనివాళ్ళు, ఇబ్బంది పెట్టడమెందుకని అడగలేదట. ఓడ దిగిన రోజునించీ ఆయనకి ఉన్న కోరికల్లా పొద్దెక్కేదాకా పడుకోవడమే."

మెరెటె కుర్చీలో కూలబడింది. ఆ ఏడు గంటల లెక్క ఎవరిదో ఆమెకి బాగా తెలుసు. పందొమ్మిదేళ్ళ కిందట, మొదటి వారంలో, మధ్యాహ్నానికి లిస్టు ముగిసిపోతే తను త్వరగా ఇంటికెళ్ళొచ్చని రాసుకున్న అంకె అది. ఆ తర్వాత అది సూర్యోదయంలా ఎవరూ మార్చలేనిది అయిపోయింది. దాని కోసం ఎంతమందిని బతిమాలింది, ఎంతమంది శనివారాలు తినేసింది, గెర్డా చేత అబద్ధమాడించింది. ఆ తలుపుల వెనకున్న మనుషులందరూ తనకి పేరుపేరునా తెలుసు, ఒక్కరినీ అడగలేదు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఆ సిగ్గు కిందనే ఎక్కడో గుండె మీది బరువు దిగింది, రెండూ ఒకేసారి ఎలా జరుగుతాయో ఆమెకి తెలియలేదు.

అంతా అయినట్టేనా? కాలేదు. టైము పదకొండు యాభై నాలుగు. తోవె లిస్టుని కంప్యూటర్లోకి ఎక్కిస్తోంది, ఒక్క వేలుతో. అక్షరం వెతుక్కుని, దొరికాక దాని మీద వేలుంచి, సరైనదేనా అని తెర వైపు చూసి, అప్పుడు నొక్కుతోంది. మెరెటె అయితే అర నిమిషంలో కొట్టిపారేస్తుంది. యాభై ఆరుకి తోవె ఒక ఇంటి పేరు తప్పు కొట్టి మొత్తం చెరిపేసింది. మెరెటె రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూచుంది. కాఫీ ఫ్లాస్కు అందేంత దూరంలోనే ఉంది. దాని వైపు చూసింది గానీ చేతులు తియ్యలేదు. యెప్పె పెదవి కొరుక్కుంటున్నాడు. నస్రీన్ తోవె కుర్చీ వీపు పట్టుకుని, ఒక్కో ఇంటి పేరూ మెల్లగా చదివి పెడుతోంది. పదకొండు యాభై తొమ్మిదికి తోవె చివరి మీట నొక్కింది. లిస్టు అందినట్టు తెర ఆకుపచ్చగా మారింది.

 తోవె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఆకలేస్తోంది, పొద్దుట ఎవరం సరిగ్గా తిన్నాం, అన్నాడు యెప్పె. నస్రీన్ ఫ్రిజ్ తలుపు తెరిచి, మిగిలిన రొట్టెలు తీసి, వెన్న డబ్బాతో సహా బల్ల మీద పెట్టింది. ఒకటి మెరెటె ముందుకి తోసింది.

మెరెటె రొట్టె కొరికి తలెత్తితే మూసిన ఫ్రిజ్ తలుపు మీద రొట్టెల లిస్టు కనబడింది. వచ్చే శుక్రవారం ఎదురుగా లోనె పేరు కొట్టేసి ఉంది. పక్కన గుండ్రటి అక్షరాలతో ఇంకో పేరు. ఆ గుండ్రటి చేతిరాత నస్రీన్‌ది. ఆ పేరు మెరెటె.

నమలడం మర్చిపోయి అలా చూస్తూ ఉండిపోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, దాచుకోవడానికి కప్పు కూడా లేదు.

"పెద్దబజారు బేకరీ నించే తేవాలి," అంది నస్రీన్, ఆమె వైపు చూడకుండా వెన్న రాసుకుంటూ. "గసగసాలవి ఆరు. తొమ్మిదిన్నరకల్లా ఉండాలి. గెర్డా చేత తెప్పించకు."